ఆ కొండ గీతకి ఏ వైపు?

పోయిన వారం ఇక్కడ వర్జీనియాలో మనాసస్ వైపు వెళ్తుంటే నా ముందున్న స్కూల్ బస్సు రైలు పట్టాల దగ్గర ఆగింది. రైలు రావడం లేదు. గేటూ పడలేదు. అయినా డ్రైవరు తలుపు తెరిచి, చెవి ఒగ్గి విని, మళ్ళీ మూసి, అప్పుడు దాటించింది. ఇక్కడి స్కూల్ బస్సులన్నీ అలాగే చేస్తాయి. సొంత కారులో వెళ్తూ కూడా పట్టాల ముందు ఆగి, అద్దం దించి వినే మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆవిడ పోయి నాలుగు నెలలైంది.

ఆవిడ పేరు రాయను. కూతురు వద్దంది. ఆవిడే బతికుంటే రాయమనేది, పైగా ఇంటిపేరు కూడా పూర్తిగా రాయమనేది.

ఆవిడ పోయాక తెలిసినవాళ్ళంతా ఆవిడ మంచితనం గురించే చెప్పుకున్నారు. చలికాలంలో బస్సెక్కే పిల్లల కోసం చేతి తొడుగులు దాచి ఉంచేదని, వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా సూపు తెచ్చేదని. అవన్నీ నిజమే. కానీ ఆవిడ పగ గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు తెలిసినంతలో ఆవిడలో అన్నిటికన్నా నిజాయితీగా ఉన్నది ఆ పగే. అందుకే అది నేను చెబుతున్నాను.

హెర్న్‌డన్‌లో మా టౌన్‌హౌస్ వరసలో చివరి ఇల్లు ఆవిడది. మేం సామాన్లతో దిగిన రోజు ఆవిడ బయటికొచ్చి, "ఇది ఫైర్ లేన్, ఫైరింజన్ వచ్చే దారి. ట్రక్కు ఇక్కడ ఆపకూడదు" అంది. డ్రైవరు "సారీ మేడమ్" అన్నాడు. "దేనికి?" అని అడిగింది. వాడు బిక్కమొహం వేశాడు. తర్వాత ఆవిడే రోడ్డు మధ్యలో నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, ట్రక్కుని వెనక్కి నడిపించి సరైన చోట పెట్టించింది.

పొట్టి మనిషి. కత్తిరించిన తెల్లజుట్టు. తాళాలు మెడలో తాడుకి వేలాడేవి. అరవై దాటినా బస్సు డ్రైవరు గొంతు తగ్గలేదు. పాలస్తీనాలో, వెస్ట్ బ్యాంక్‌లో ఒక కొండ ఊరు ఆవిడది. పెళ్ళయ్యాక వర్జీనియా వచ్చింది. భర్త తొందరగా పోయాడు. స్కూల్ బస్సు నడిపి కూతుర్ని నర్సుని చేసింది.

ఈ దేశంలో భుజం తగిలినా సారీ, తగలకపోయినా సారీ. ఆవిడ మాత్రం ఎవరి సారీనీ ఊరికే తీసుకునేది కాదు. "దేనికో చెప్పు, అప్పుడు తీసుకుంటాను" అనేది. కొట్లో ట్రాలీ తగిలించినవాళ్ళు నవ్వేసి వెళ్ళిపోబోతే, అక్కడే ఆగి జవాబు కోసం చూసేది. ఇంకో మాట కూడా ఆవిడకి పడేది కాదు: సూన్. ప్లంబర్ ఫోన్‌లో "సూన్ వస్తాను" అంటే, "సూన్ అనేది ఏ రోజు?" అని నిలదీసేది. ముసలావిడ ఛాదస్తం అనుకున్నాను.

కంటిచూపు మసకబారుతోందని తెలిసిన వెంటనే, ఎవరూ చెప్పకముందే, బస్సు తాళం అప్పజెప్పి వచ్చేసింది. కారు కూడా మానేసింది. ఆ నెలలోనే ఒక శనివారం మా తలుపు తట్టింది.

"ఇబ్నీ, రేపు నన్ను లైబ్రరీకి తీసుకెళ్తావా?"

ఇబ్నీ అంటే అరబ్బీలో నాయనా అని. ఏదో పుస్తకం కోసమేమో అనుకుని సరేనన్నాను.

లైబ్రరీ మీటింగ్ రూములో ఉపన్యాసం ఉంది. మాట్లాడుతున్నది పొడుగాటి పెద్దమనిషి, వెండి జుట్టు, చక్కటి టై. తొంభైల్లో ఇజ్రాయెల్‌కీ పాలస్తీనాకీ మధ్య సరిహద్దు ఎక్కడ గీయాలో తేల్చే చర్చల్లో అమెరికా తరఫున పనిచేశాడట. గోడ మీద మ్యాపులు వేసి చూపించాడు. బాగా చెప్పాడు, కాదనను. ఏ నేల ఎవరిదని చర్చ జరుగుతోందో ఆ నేల మీదే ఒక వైపు వాళ్ళు ఇళ్ళు కట్టుకుంటూ పోయారని, కట్టిన ప్రతి ఇంటికీ గీత కొంచెం కొంచెం పక్కకి జరగాల్సి వచ్చిందని, చివరికి గీతకి చోటే లేకుండా పోయిందని చెప్పాడు. మధ్యమధ్య జోకులు వేశాడు. జనం నవ్వారు.

ప్రశ్నలు అడగండి అన్నారు. ముందు వరసలోంచి ఆవిడ లేచింది. మైకు తీసుకోలేదు.

"మీరు ఒక కొండ మీద ఒక రైతుకి మాట ఇచ్చారు. ఇవాళ ఆ కొండ గీతకి ఏ వైపు ఉంది?"

ఆయన మొహంలో చిరునవ్వు చెరగలేదు. "మళ్ళీ కలిశాం. చాలా మంచి ప్రశ్న. నేను ఎన్నో కొండలెక్కాను, ఎంతోమంది రైతులతో మాట్లాడాను. ఇదొక క్లిష్టమైన..."

ఆయన చెప్పడం అయిపోయింది. ఆవిడ కూర్చోలేదు. తర్వాత ఎవరో ఇంకేదో అడిగారు, దానికీ జవాబు చెప్పాడు. ఆవిడ నిలబడే ఉంది. కుర్చీలు మడిచి సర్దేదాకా నిలబడే ఉంది. ఆయన ఎక్కడ మాట్లాడినా, బాల్టిమోర్ కానీ రిచ్‌మండ్ కానీ, ఏళ్ళ తరబడి ఆవిడ ఇదే చేస్తోందని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగొస్తూ కారులో చెప్పింది.

వాళ్ళ నాన్నకి ఆ కొండ మీద బాదం తోట ఉండేది. ఒక ఏడాది కొండ పైకొస మీద ఇజ్రాయెల్ వాళ్ళ ట్రైలర్ ఇళ్ళు నాలుగైదు, చక్రాల మీద లాక్కొచ్చినవి, దిగాయి. ఆయన కోర్టుకెళ్ళాడు. కోర్టు కట్టడం ఆపమంది, అంటే మన భాషలో స్టే వచ్చింది. ఆ వేసవిలో ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఉంది. అప్పుడే ఈ పెద్దమనిషి వాళ్ళింటికి వచ్చాడు. ఆయనకి అరబ్బీ రాదు, నాన్నకి ఇంగ్లీషు రాదు. మధ్యలో కూర్చుని ఆవిడే అటుదిటూ ఇటుదటూ చెప్పింది.

"కేసు వెనక్కి తీసుకోమన్నాడు. కేసు నడుస్తుంటే అవతలివాళ్ళు ఆ కొండ ఊసే ఎత్తనివ్వడం లేదన్నాడు. మ్యాపులో కొండ మీ వైపే ఉంది, సరిహద్దు సూన్ తేలిపోతుంది, నాదీ హామీ అన్నాడు. నాన్నకి నమ్మకం కుదరలేదు. నా మొహం చూశాడు. నువ్వేమంటావమ్మా అన్నాడు. ఆయన మాట నిజమే నాన్నా అన్నాను."

కారు అద్దం కొంచెం దించింది.

"నాన్న కేసు వదిలేశాడు. చర్చలు సాగాయి. ట్రైలర్లు ఇళ్ళయ్యాయి. ఇళ్ళకి రోడ్డు, రోడ్డుకి కంచె. ఆ తర్వాత వేసిన మ్యాపులో గీత ఆ ఇళ్ళని చుట్టుకుని పోయింది. అక్కడ ఇప్పుడు జనం కాపురాలు ఉంటున్నారు కదా, ఏం చేస్తాం అన్నారు. ఆఖరికి ఆ మ్యాపు మీద కూడా ఎవరూ సంతకం పెట్టలేదు. నాన్న మేడ మీద కుర్చీ వేసుకుని కంచె అవతల తన చెట్లు చూస్తూ చూస్తూ పోయాడు. ఆ మాట నాన్న విన్నది ఆయన గొంతులో కాదు ఇబ్నీ. నా గొంతులో. ఆ అబద్ధం నా నోటితో చెప్పించాడు. వాణ్ణి వదలను."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. హైదరాబాద్ శివార్లలో ఆయన కొనుక్కున్న ప్లాటు సంగతి ఆవిడకి చెప్పాను. పక్కవాడు ఆక్రమించాడు. నాన్న కోర్టుకెళ్తానంటే కౌన్సిలరు మధ్యలో పడి, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. మాట్లాడుకుంటూ ఉండగానే గోడ లేచింది, స్లాబు పడింది, కరెంటు మీటరు కూడా వచ్చేసింది.

"మీటరు కూడానా!" ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "మాకూ అంతే. నీళ్ళకంటే ముందు కరెంటు వచ్చింది. మీ భాషలో దీన్ని ఏమంటారు?"

"కబ్జా."

"ఖబ్దా?" అని పిడికిలి బిగించి నా మొహం ముందు పెట్టింది. "ఇది మా మాట. పిడికిలి అని అర్థం. మీదాకా వచ్చిందా!"

ఆ తర్వాత ఎక్కడ పలకరించుకున్నా ఆవిడ ముందు పిడికిలి చూపించేది.

అప్పట్నుంచి ఆవిడకి డ్రైవర్ని నేనే. మా ఆవిడ లావణ్యకి ఇది బొత్తిగా నచ్చలేదు.

"మనం హెచ్‌వన్‌లో ఉన్నాం, గుర్తుందా? గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్. ఆ మీటింగ్స్‌లో ఎవడో ఫోటో తీసి పెడితే ఏం చేస్తావ్? డ్రాప్ చెయ్, కార్లో కూర్చో. లోపలికెందుకు నీకు?"

"నేను బ్యాక్ రోలో కూర్చుంటానులే."

"బ్యాక్ రోలో కూర్చున్నా మొహం ఫ్రంట్‌కే ఉంటుంది కదా!"

ఒకసారి ఒక చర్చి హాల్లో మీటింగు అయ్యాక, ఒక యూదు పెద్దాయన పార్కింగ్‌లోకి వచ్చి ఆవిడని ఆపాడు. తన చెల్లెలి కొడుకు అలాంటి ఒక కొండ మీదే ఉంటున్నాడని, పిల్లలు అక్కడే పుట్టారని, గీత మారితే వాళ్ళని రోడ్డు మీద పడెయ్యమంటావా అని అడిగాడు. ఇద్దరూ చలిలో నిలబడి వాదించుకున్నారు. గొంతులు లేచాయి. ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. చివరికి ఆయనే ఆవిడకి కారు తలుపు తీసి పట్టుకున్నాడు, మాడ్చుకున్న మొహంతోనే.

"ఆయన మీద కోపం రాలేదా ఆంటీ?" అన్నాను దార్లో.

"కోపం ఎందుకు రాదు? వచ్చింది. కానీ వాళ్ళు నాకు అబద్ధం చెప్పలేదు. కొండ కావాలన్నారు, తీసుకున్నారు. వాళ్ళతో రేపైనా కూర్చుని పోట్లాడొచ్చు. మధ్యలో కూర్చుని మా కాఫీ తాగి వెళ్ళినవాడి లెక్క వేరు."

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. "వాడు మా ఇంటికి వస్తానంటున్నాడు. నువ్వు రా. ఆ రోజు మా నాన్న పక్కన నేను తప్ప సాక్షి లేదు. ఈసారి నాకొకరు ఉండాలి."

వెళ్ళాను. ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. భార్య పోయిందట ఆ మధ్యే. కూతురు ఏలకుల కాఫీ చిన్న కప్పులో తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగలేదు. కప్పు అలాగే ఉంచాడు. వాళ్ళ వైపు ఒక పద్ధతి ఉంది. అడగాల్సింది ఉన్న అతిథి కాఫీ ముట్టడు, అడిగింది ఇస్తామన్నాకే తాగుతాడు. అన్నేళ్ళు ఆ ప్రాంతంలో తిరిగినవాడు కదా, ఆయనకి అది తెలుసు.

"ఏం కావాలో అడుగు" అంది ఆవిడ.

"మీరు రావడం ఆపాలి. నేను తప్పు చేశాను. ట్రైలర్లు ఆగవని మీ నాన్నగారి దగ్గరికి వచ్చేనాటికే నాకు తెలుసు. ఆ కేసు ఉంటే చర్చలు చెడతాయని, ఎలాగైనా తీయించమని మా వాళ్ళు నన్ను పంపించారు. శాంతి కుదిరితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. నన్ను క్షమించండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చేనాటికే తెలుసట!

"ఇదే మాట మైకులో చెప్పు. నేను మళ్ళీ రాను" అంది ఆవిడ.

"అందరి ముందు అలా చెప్తే నా జీవితంలో ఇంకేం మిగలదు. నా దగ్గర ఉన్నవి ఆ ఏళ్ళే."

ఆవిడ లేచి, తడుముకుంటూ కప్పు అందుకుని, వంటింట్లో సింకులో కాఫీ పారబోసింది. వెనక్కి వచ్చి తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన వెళ్ళేదాకా పట్టుకునే ఉంది.

ఆ తర్వాత నెలలోనే ఒక కాలేజీ ఆడిటోరియంలో ఆయన సభ. ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండా జనం. ఆవిడ ముందు వరసలో, నేను వెనక. ఆయన ఉపన్యాసం మధ్యలో ఆగి, ఆవిడ వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇవాళ ఒక మాట ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట ఒక కొండ మీద ఒక రైతుకి మాట ఇచ్చాను. నిలబెట్టుకోలేకపోయాను. ఆ నొప్పి ఈనాటికీ మోస్తున్నాను."

ఆ తర్వాత ఎవరో చప్పట్లు మొదలెట్టారు. వరసలు వరసలుగా జనం లేచి నిలబడ్డారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ అని నా పక్కనావిడ అంటోంది. హాలు మొత్తంలో ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. నిలబడ్డ జనం అడ్డమై నాకు అక్కణ్ణుంచి ఆ తెల్లజుట్టు కూడా కనపడలేదు. ఇన్నేళ్ళ ఆవిడ పగని ఆ మనిషి ఒక్క నిమిషంలో తనకి పూలదండగా వేయించుకున్నాడు.

జనం కూర్చున్నారు. అప్పుడు ఆవిడ లేచింది. స్టేజీకి వీపు పెట్టి జనం వైపు తిరిగింది.

"ఆ రోజు ఆ కొండ మీద ఈయన మాటల్ని మా నాన్నకి చెప్పింది నేనే. ఈయన భాష నాకు అలవాటు. మీకు సరిగ్గా అర్థమైనట్టు లేదు, నేను చెప్తాను. 'నిలబెట్టుకోలేకపోయాను' అంటే, ఇళ్ళు ఆగవని ముందే తెలిసి కేసు తీయించాడని అర్థం."

"మేడమ్, ప్రశ్న ఉంటే అడగండి" అన్నాడు సభ నడిపించేవాడు.

పెద్దమనిషి మైకులో అన్నాడు, "అప్పటి పరిస్థితులు చాలా క్లిష్టమైనవి..."

"'పరిస్థితులు' అంటే రోడ్డు. మా బాదం చెట్లు కొట్టి వేసిన రోడ్డు."

"ఇద్దరినీ బల్ల దగ్గరే ఉంచాలన్నది మా ప్రయత్నం."

"అంటే, మమ్మల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటే బయట కట్టుకున్నారు. కట్టడం అయ్యాక, ఇక్కడ గీత గీయడం కష్టం అన్నారు. ఆ కష్టం గురించే ఈయన ఊరూరా చెప్తున్నాడు. ఇంకొకటి మిగిలింది. 'ఆ నొప్పి మోస్తున్నాను' అంటే, చప్పట్లు కొట్టండి అని."

ఆవిడ అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"నేను తప్పుగా చెప్పానా? మీకు ముందే తెలుసా, తెలియదా?"

గార్డు ఒకడు నడవలోంచి వస్తున్నాడు. నేను లేచాను. హాలంతా ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. వీసా గుర్తొచ్చింది, లావణ్య గుర్తొచ్చింది. కానీ ఆవిడకి మెట్లు కనపడవు, గార్డు చెయ్యి పట్టి లాగితే పడిపోతుంది. పరుగున వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"తెలుసు" అన్నాడు ఆయన. మైకు కోటుకే ఉంది, అందరికీ వినపడింది. "తెలుసు" అని మళ్ళీ అన్నాడు. కోటుకున్న మైకు తీసి కుర్చీలో పెట్టి, కర్ర తీసుకుని పక్క తలుపు గుండా వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ వెంట వెళ్ళలేదు. ఒకప్పుడు దేశాల మధ్య గీతలు గీసినవాడు వంగిన వీపుతో ఒంటరిగా నడిచిపోతుంటే నేను తృప్తిగా చూశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అది చూసుకోగలను.

కారెక్కాక ఆవిడ, "ఆకలేస్తోంది. మీ పొడుగాటి దోసె ఉంటుందే, అది తిందాం" అంది. హెర్న్‌డన్‌లో మా వాళ్ళ హోటలు ముందు ఆపాను. మసాలా దోసె ఒకటి తిని ఇంకోటి చెప్పమంది. సాంబారు కప్పు ఎత్తి తాగేసింది.

"ఇప్పుడెలా ఉంది ఆంటీ?"

"కొండ పోయిన చోటే ఉంది. కానీ చాన్నాళ్ళకి తిన్నది ఒంట పడుతోంది."

ఇంటికెళ్ళేసరికి లావణ్య ఫోన్ పట్టుకుని గుమ్మంలో ఉంది. "వీడియో అందరి గ్రూపుల్లోకీ వచ్చేసింది. చెప్తే విన్నావా? ఇప్పుడు ఏదైనా అయితే ఎవరు ఫేస్ చేస్తారు?" అని చెడామడా తిట్టింది. తిట్టి తిట్టి అలసిపోయి నా పక్కన కూర్చుంది. "సరే కానీ, ఆ చివర్లో చప్పట్ల గురించి ఏమంది? సౌండ్ సరిగ్గా లేదు. మళ్ళీ చెప్పు."

ఆయన సభలు ఆగిపోయాయి. ఒప్పుకున్నవి కూడా రద్దయ్యాయి. ఆవిడ వాటి గురించి అడగలేదు. శీతాకాలంలో క్యాన్సర్ బయటపడింది, అప్పటికే ముదిరింది. కూతురు ఇంట్లోనే మంచం వేయించి చూసుకుంది. నేనూ లావణ్యా రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చునేవాళ్ళం. వాళ్ళ ఊళ్ళోంచి మేనల్లుడు వీడియో కాల్ చేసేవాడు. పక్క కొండ మీద కూడా కొత్తగా ఇళ్ళు లేస్తున్నాయని చెప్పాడు. "చర్చల సంగతేంటి?" అని నేనడిగితే వాడు నవ్వాడు. "చర్చలెక్కడున్నాయి? ఇళ్ళున్నాయి." ఆవిడ మాత్రం వాణ్ణి బాదం పూత గురించే అడిగింది. ఫోను ఆ వైపు తిప్పమనేది. కంచె అవతల తెల్లగా మసగ్గా ఏదో కనపడేది. అదే పూత అనుకుంటూ చూసేది.

పోయింది. పరామర్శకి వచ్చేవాళ్ళ కోసం మూడు రోజులు ఇల్లు తెరిచి ఉంచారు. రెండో రోజు ఆ పెద్దమనిషి వచ్చాడు. మెట్ల కింద ఆగి పైకి చూస్తున్నాడు. కూతురు కిటికీలోంచి చూసి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు వెళ్ళి మాట్లాడండి, ప్లీజ్. నేను వెళ్తే ఏడుస్తాను. ఆయన ముందు ఏడవడం నాకిష్టం లేదు."

బయటికి వెళ్ళి తలుపు వెనక దగ్గరగా వేశాను.

"లోపలికి వస్తానని అడగను" అన్నాడు. బాగా చిక్కిపోయాడు. "ఒక్కటే తెలుసుకుందామని వచ్చాను. చివర్లో మీరు దగ్గరే ఉన్నారట కదా. ఆవిడ నా గురించి ఏమైనా అన్నారా?"

ఆ కళ్ళు చూశాను. తిట్టిందన్నా తీసుకునేవాడు. శపించిందన్నా, ఆవిడ చివరి రోజుల్లో తనకింత చోటు దొరికిందని తీసుకునేవాడు.

"లేదు" అన్నాను.

"ఏమీ అనలేదా?"

"వాళ్ళ నాన్న గురించి మాట్లాడేది. చెట్ల గురించి. దోసెలు ఎప్పుడు తెస్తావని నా భార్యని అడిగేది. మీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు."

అది నిజం. దాన్ని మెత్తగా చెప్పే మార్గం ఉండే ఉంటుంది, నేను వెతకలేదు. ఆయన ఇంకా ఏదో చెప్తానేమోనని కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళి గడియ పెట్టాను.